తుప్పు, తోకపెట్టె, టిఫిన్ క్యారియర్

నేను ఒక తోకని.

కంగారు పడకండి. కోతిదీ కాదు, కుక్కదీ కాదు, గూడ్సు బండిది. బండి చిట్టచివర రెండు వైపులా బుల్లి వరండాలు, మధ్యలో ఒక గది, ఆ గదిలో ఒక గార్డు, ఆ గార్డు కూర్చోవడానికి ఒక ఇనపపెట్టె ఉండే పెట్టె ఒకటి వెళ్తూండేది, గుర్తుందా? బ్రేకు వ్యాను అంటారు. దాని బొమ్మని నేను. అసలు వ్యానులో ఎనభై ఏడో వంతు ఉంటాను. మీ అరచేతిలో పడుకున్నాక కూడా ఇంకో ఇద్దరికి చోటుంటుంది.

నాకు ముందుచూపు లేదని మా బండిలో మిగతా పెట్టెలు వెక్కిరిస్తాయి. నిజమే. నా ముందు ఎప్పుడూ ఇంకొకరి వీపే ఉంటుంది. నాకున్నదల్లా వెనకచూపు. ఆత్మకథ చెప్పుకోవడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

పుట్టింది ఎక్కడో చలిదేశంలో. మీ తెలుగుకి అచ్చులు బోలెడు, నాకు ఒకటే అచ్చు. అందులో వేడి ప్లాస్టిక్ పోసి, చల్లార్చి, అచ్చుగుద్దినట్టు నాలాంటివాళ్లని కుప్పలు కుప్పలుగా తీశారు. ఒంటికి కాఫీపొడి రంగు. పెళ్లికొడుకు బూటు మాదిరి నిగనిగలాడేదాన్ని. ఇంజనుతో, నాలుగు వ్యాగన్లతో కలిపి నన్ను ఒక అట్టపెట్టెలో పడుకోబెట్టారు. పెట్టెకే పెట్టె అన్నమాట.

ఆ పెట్టెని చెన్నైకి చెందిన కళ్ల డాక్టరొకాయన విదేశం నుంచి తెచ్చుకున్నాడు. అద్దాల బీరువాలో అలంకరించాడు. ఆయన ఊళ్లోవాళ్ల కళ్లన్నీ చూసేవాడు, నన్ను మాత్రం ఒక్క కన్నూ చూసేది కాదు. పట్టాలు లేవు, ప్రయాణం లేదు. అలా ఏళ్ల తరబడి స్టేషను లేని స్టేటస్‌తో బతికాను. తరవాత వాళ్లు ఇల్లు మారుతూ బీరువా ఖాళీ చేశారు. ఇంజను కావాలని చుట్టాల పిల్లాడొకడు ఏడిచి సాధించుకున్నాడు. ఇంజను కోసం ఎవరైనా ఏడుస్తారు. తోక కోసం ఏడ్చినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. మిగతావాటితో పాటు నేనూ ఒక గుడ్డసంచిలో పడి పాత సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడ ఆగిపోయిన గడియారాల బుట్టలో బోర్లా పడి ఉండగా, నా రెండో జన్మ నడుచుకుంటూ వచ్చింది.

ఆయన పేరు చక్రపాణి. నెల్లూరులో సర్వే ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్. చెన్నైకి ఒక పెళ్లికని వచ్చి, సరిగ్గా ముహూర్తం వేళకి మండపంలోంచి మాయమై, పట్టుపంచె ఎగ్గట్టుకుని పాత బజారులో తిరుగుతున్నాడు. నన్ను తీసి, వెల్లకిలా తిప్పి, మొట్టమొదట నా చక్రాలు వేలితో తిప్పి చూశాడు. పేరుకి తగ్గ మనిషే. పురాణాల్లో చక్రపాణి చక్రం విసిరితే తలలు తెగిపడేవట. ఈ చక్రపాణి చక్రం చూస్తే దానికి నూనె వేస్తాడు, అంతే. అక్షింతలు వెయ్యాల్సిన చేత్తో నన్ను జేబులో వేసుకున్నాడు.

ఆయన ఇల్లు ఊరి చివర ఒక లేఅవుట్‌లో ఉంది. ఆ ఇంట్లో ఒక గది నిండా ఇంకో లేఅవుట్ ఉంది. బయటిదాంట్లో ప్లాట్లు, లోపలిదాంట్లో ప్లాట్‌ఫారాలు. బొమ్మరైళ్ల పిచ్చివాళ్లు తాము కట్టుకునే చిన్న లోకాన్ని లేఅవుట్ అనే అంటారు. పట్టాలు, స్టేషను, చెట్లు, కొండ, మనుషులు అన్నీ ఉంటాయి అందులో. చక్రపాణి కట్టింది బిట్రగుంట యార్డు, బొగ్గింజన్లు తిరిగే రోజుల నాటిది. ఆ ఊరే ఎందుకంటే, కుర్రతనంలో అక్కడికి పెళ్లిచూపులకి వెళ్లాడట. ముందు ఇంజన్ల షెడ్డు చూశాడు, తరవాత పిల్లని చూశాడు. రెండూ నచ్చాయి. పిల్లని వెంటనే ఇంటికి తెచ్చుకున్నాడు. షెడ్డుని తెచ్చుకోవడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ పిల్ల పేరు హైమావతి. బిట్రగుంటలో గూడ్సు గార్డుగా చేసిన పెంచలయ్యగారి కూతురు. ఆమె సంగతి వస్తుంది, కాస్త ఆగండి. ముందు నాకు జరిగిన అవమానం చెప్పాలి.

మెరిసే బండి నిజమైన బండి కాదని చక్రపాణి సిద్ధాంతం. నిజం బండి ఎండకి ఎండుతుంది, వానకి నానుతుంది, తుప్పు పడుతుంది. కాబట్టి బొమ్మ కూడా అలాగే కనిపించాలి. ఈ పనిని వాళ్ల భాషలో వెదరింగు అంటారు. నన్ను కూర్చోబెట్టి, సన్నటి గరుకు కాగితంతో నా మెరుపంతా గీకేశాడు. నీళ్లలా పలచన చేసిన నల్లరంగు పోస్తే అది నా పలకల సందుల్లోకి దిగి ఏళ్లనాటి మురికిలా నిలిచింది. చువ్వలకీ చక్రాలకీ తుప్పురంగు అద్దాడు. అడుగున ఇటికపొడి చల్లాడు. ఒక పక్క సుద్దముక్కతో రాసినట్టు యార్డు వాళ్ల గీతలు గీశాడు. వరండా మెట్టు మీద తాంబూలం ఉమ్మిన మరక కూడా పెట్టి, దూరం నుంచి చూసి, "శభాష్" అనుకున్నాడు. తుప్పు చేసి అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. తప్పు చేసి సంతోషించేవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు.

ఇదంతా ఆదివారం పొద్దున జరిగేది. ఆదివారం పొద్దున ఆయన తలకి రంగు వేసుకునే వేళ కూడా అదే. బల్ల మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో వయసు దాచే రంగు, రెండోదాంట్లో వయసు పూసే రంగు. పక్కపక్కనే రెండు బ్రష్షులు. మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒక ఆదివారం బ్రష్షులు తారుమారై, నా కప్పు నల్లగా నిగనిగలాడింది, ఆయన మీసం తుప్పు పట్టింది.

"ఏందండీ, మీసానికి గూడా వెదరింగా?" అంది హైమావతి, కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి.

"బ్రష్షు మారింది."

"మారితే మారిందిలే. ఇప్పుడే వయసుకి తగ్గట్టుండారు."

కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది. ఆ గది గుమ్మం దాటి లోపలికి ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు.

నాలో ఇంకో లోపం ఉండేది. బరువు లేదు. మలుపు రాగానే పట్టాలు తప్పి పక్కకి ఒరిగేదాన్ని. చక్రపాణి బజారుకెళ్లి, చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు తెచ్చి నా కడుపులో అతికించాడు. అప్పటి నుంచీ నేను బరువైన పాత్రలే పోషిస్తున్నాను. వీపున ఎల్‌వి అనే రెండక్షరాల పలక తగిలించాడు. లాస్ట్ వెహికిల్, అంటే ఆఖరి పెట్టె. ఆ పలక కనిపిస్తేనే బండి మొత్తం వచ్చిందని స్టేషనులో నమ్ముతారు. లేకపోతే దారిలో ఎక్కడో పెట్టెలు తెగి మిగిలిపోయాయని గగ్గోలు. మీ ఇళ్లల్లో లాస్టు వచ్చినవాణ్ని తిడతారు. నేను లాస్టు రాకపోతే రైల్వే మొత్తం తలపట్టుకుంటుంది.

ఇక స్టేషను జనం. బజారులో దొరికే బొమ్మమనుషులంతా చలిదేశంవాళ్లే. కత్తిరివేసవిలో బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద ఓవర్‌కోట్లు వేసుకుని, గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. ఓవర్‌కోటులో ఓవరాక్షన్ ఉందని చక్రపాణికి అనిపించింది. బ్లేడుతో కోట్లు చెక్కి పంచెలు చేశాడు. టోపీలు గీకి గుండ్లు చేశాడు. దొరసానులకి టిష్యూ కాగితం చుట్టి చీరలు కట్టాడు. వాళ్లలో ఒకావిడ చేతిలో కుక్కపిల్ల ఉండేది. అది ఎంతకీ ఊడక, చివరికి దానికి రంగు వేసి చంకలో చంటిపిల్లని చేశాడు.

పట్టాల మధ్య పరవడానికి కంకర కావాలి. క్వారీ దగ్గర రాతిపొడి తెచ్చి, స్కేలుకి తగ్గ రాయి తేలేదాకా జల్లించాడు. ఏ జల్లెడతో అన్నది రెండోరోజు పొద్దున టీ తాగేటప్పుడు బయటపడింది.

హైమావతి గ్లాసు కింద పెట్టి, నాలుక మీది పలుకు తీసి చూసుకుంది. "ఏందండీ ఇది, తాగేదా, పరిచేదా?"

కొత్త జాలీ కొనుక్కొచ్చేదాకా ఆ ఇంట్లో టీ నడవలేదు, రైలు మాత్రం నడిచింది.

ఇన్ని నవ్వుల మధ్య ఒక నవ్వులాట కాని సంగతి పెరుగుతూ వచ్చింది. హైమావతి జాకెట్లు కుట్టేది. ఆమె చేతి కటింగుకి పేరుంది. ఊరి ఆ చివర నుంచి కూడా ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వచ్చి ఎక్కడ నిలబడాలి? మిషను ముందు వరండాలో ఉండేది. ఎండకి పట్టుగుడ్డలు వెలిసిపోతున్నాయి, వానకి జల్లు కొడుతోంది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు రోడ్డున పోయేవాళ్లు చూస్తారని సిగ్గుపడుతున్నారు. సిగ్నళ్లున్న గదికి తలుపులున్నాయి, సిగ్గున్న మనుషులకి లేవు. దారమే ఆధారంగా ఆమె ఒక పని నిలబెట్టుకుంటే, దాన్ని కూర్చోబెట్టడానికి చోటు లేదు.

ఒక వాన రోజు, తడిసిన గుడ్డల కట్టలు చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఈ గదిలో ఊరుండాది, యార్డుండాది, కొండుండాది. నా మిషనుకే చోటు లేదు."

"పెద్ద షెల్ఫు ఒకటి..."

"షెల్ఫు మీద కూర్చొని కుట్టేదా? గది గావాల."

చక్రపాణి చేతిలో అప్పుడు నేనే ఉన్నాను. నా చక్రం తిప్పుతున్న వేలు ఆపాడు. రిటైరైపోయాడు. పిల్లల పెళ్లిళ్లయి ఎవరి ఊళ్లో వాళ్లున్నారు. ఉన్నదిప్పుడు ఈ గది, ఈ యార్డు. గది పోతే మా గతి ఏమిటి?

"విజయవాడలో బొమ్మరైళ్ల ప్రదర్శన ఉండాది హైమా. ఈసారన్నా ప్రైజు వస్తుందేమో చూస్తా. రాకపోతే అన్నీ విప్పేస్తా. గది నీది."

"మాటేనా?"

"మాటే."

"రైలు టైము మాదిరి మాట గాదు గదా?"

"కాదు."

అలా నా బతుకు ఒక ప్రైజుకి కొక్కెంతో తగులుకుంది.

అక్కణ్నుంచి చక్రపాణికి నిద్రాహారాలు లేవు. పట్టాల పక్కన బొగ్గు రాలింది. సిమెంటు బెంచీ మీద పేపరు మడిచి ఉంది. పట్టాలకి ఇటువైపు, యార్డుని ఆనుకుని రైల్వే క్వార్టర్ల వరస కూడా కట్టాడు. పెంకులు, పెరటి గోడలు, దండెం మీద గుడ్డలు అన్నీ పెట్టాడు. ఆఖరున నా వెనక వరండాలో ఒక గార్డుని నిలబెట్టాడు. మీ గోరంత ఉంటాడు. తెల్ల ప్యాంటు, నల్ల కోటు, చేతిలో పచ్చజెండా. ముఖం స్టేషను వైపు.

ఒక మధ్యాహ్నం హైమావతి గదిలోకి వచ్చింది. చెయ్యి పట్టి పిలిచినా రాని మనిషి తనంతట తానే వచ్చిందని చక్రపాణి మురిసిపోయాడు. ఆమె చేతిలో టేపు ఉంది. గది కొలవడానికి వచ్చింది. ప్రైజు రాదని ఆమెకి అంత నమ్మకం.

కిటికీ గోడ కొలిచి, టేపు చుట్టుకుంటూ ఇటు తిరిగి, క్వార్టర్ల వరస దగ్గర ఆగిపోయింది. వంగి చూసింది. వేలితో ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చి, చివరి నుంచి రెండో ఇంటి దగ్గర వేలు ఆపింది. అప్పుడామె కళ్లు నా మీదకొచ్చాయి.

"ఎవురాయన?"

"గార్డు."

"అటు తిరిగి నిలబడుండాడేంది?"

"స్టేషను అటుండాది గదా. బండి పోతావుంటే స్టేషన్ మాస్టరుకి జెండా చూపించాల. రూలు."

"రూలు సరే. మా ఇల్లు ఇటుండాది."

చక్రపాణికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"మా నాయన స్టేషనుకి జెండా చూపించేసి, గబాల్న ఇటుపక్కకి వచ్చేసేవాడు. మా అమ్మ ఈ పెరటి గోడకాడ నిలబడుండేది. మేం గోడెక్కి కూర్చునేవాళ్లం. ఖాళీ క్యారియరు ఎత్తి చూపించినాడనుకో, ఇక్కడ డ్యూటీ దిగిపోతుండాడని. మా అమ్మ ఎసరు పెట్టేది. తువ్వాలు ఊపినాడనుకో, ఇక్కడ దించలా, గూడూరు దాకా పొమ్మన్నారని."

"అప్పుడేం జేసేవాళ్లు?"

"ఏం జేస్తాం. పొయ్యి ఎలిగించేది లేదు. పొద్దుటన్నంలో నీళ్లు పోసుకొని తినేసి పడుకునేవాళ్లం. నాయన దిగితేనే వేడన్నం. బండి ఏంది, ఇంజను ఏంది, మాకేం పట్టేది? మొత్తం బండంతా పోయిందాకా కాచుకొని, కడాపెట్టెలో ఆయన చేతిలో ఏముండాదో అదే చూసేవాళ్లం."

కడాపెట్టె. అంటే నేను. బండి మొత్తాన్ని వదిలేసి నా కోసం గోడెక్కి కూర్చున్నవాళ్లు ఈ భూమ్మీద ఉన్నారని అప్పుడే తెలిసింది.

"ముప్పై ఏళ్లయింది, ఎప్పుడూ చెప్పలా?" అన్నాడు చక్రపాణి.

"ఇంజన్ల గురించి అడిగినారు. మా నాయన కూర్చోబెట్టుకొని అన్నీ చెప్పినాడు. గార్డు గురించి మీరు అడిగిందెప్పుడు?"

కంట తడి పెట్టి ఉంటుందని మీరు అనుకుంటున్నారేమో. లేదు. లేచి, మిగిలిన గోడ కూడా కొలిచి, కొలత నోట్లో అనుకుంటూ వెళ్లిపోయింది.

చక్రపాణి చాలాసేపు నన్ను చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. చిక్కు ఏమిటంటే, రక్తమాంసాల గార్డయితే ముందు అటు తిరిగి జెండా చూపి, తరవాత ఇటు తిరిగి క్యారియరు చూపగలడు. జిగురు మనిషికి ఆ సదుపాయం లేదు. ఒకసారి అతికాడంటే అటో ఇటో, అంతే. అటుంటే రూలు, ఇటుంటే ఇల్లు. ప్రదర్శనలో బండి నడిపే పద్ధతికి వేరే మార్కులుంటాయి. రైల్వేలో ఆపరేటింగు ఆఫీసరుగా చేసి రిటైరై, ఇక్కడ ఆ మార్కులు వేసే సుందరేశంగారు భూతద్దం పెట్టుకుని మరీ చూస్తారని ఆ హాబీలో అందరికీ తెలుసు.

బాల్‌పెన్ రీఫిల్‌ని ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, సన్నతీగతో పిడి చేసి, వెండిరంగు వేశాడు. టిఫిన్ క్యారియర్ తయారైంది. ఆవగింజ దాని పక్కన పెద్దదిగా కనిపిస్తుంది. గార్డుకి జెండా ఒక చేతిలోనే ఉంచి, పైకెత్తిన రెండో చేతికి దాన్ని అతికించాడు. గార్డుని ఇటు తిప్పాడు. మళ్లీ అటు తిప్పాడు. టీ తాగొచ్చి మళ్లీ ఇటు తిప్పాడు. రైల్వే చరిత్రలో ఏ గార్డుకీ ఒక్క పూటలో అన్ని ట్రాన్స్‌ఫర్లు జరిగి ఉండవు. ఇటు తిరిగి ఉన్నప్పుడు పేకింగు మొదలైంది, అలాగే బయల్దేరాం.

ప్రదర్శన విజయవాడలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. ముందురోజు పెళ్లి తాలూకు సాంబారు వాసన ఇంకా పోలేదు. పెళ్లికొడుకు కుర్చీ వేసే చోట మా యార్డు పరిచారు. హైమావతి కూడా వచ్చింది. గది ఎవరికి వస్తుందో తేలే చోట ఆమె లేకపోతే ఎలా? వచ్చి, పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, సంచిలోంచి జాకెట్టు తీసి హుక్కులు కుట్టుకుంటోంది.

సుందరేశంగారు వచ్చారు. పొడుగాటి మనిషి, మెడలో తాడుకి వేలాడే భూతద్దం. కంకర చూశారు, బాగుందన్నారు. చెక్కుడు పంచెలు చూసి నవ్వారు. నా దగ్గరకొచ్చి, ముక్కు తగిలేంత వంగారు.

"ఈ తుప్పు ఎక్కడ సంపాదించారండీ?"

"సొంత తుప్పేనండీ."

"అద్భుతం. ఎల్‌వి బోర్డు కూడా మర్చిపోలేదు. చాలామంది మర్చిపోతారు." భూతద్దం వరండా మీదకి జరిగింది, ఆగింది. "గార్డు రాంగ్ సైడులో ఉన్నాడేమిటి? స్టేషను అటుంటే ఆయన క్వార్టర్ల వైపు తిరిగి ఏం చేస్తున్నట్టు?"

చక్రపాణి పక్కకి తిరిగి హైమావతి కుర్చీ వైపు చూశాడు.

సుందరేశంగారు మంచి మనిషి. గొంతు తగ్గించి అన్నారు: "దార్లో కుదుపులకి ఊడి తిరిగిపోయి ఉంటాడు. మళ్లీ అతికించుకోండి. ఇప్పటివరకూ నేను చూసినవాటిల్లో మీదే ముందుంది. ఆ పక్కన అరకు సొరంగం చూసొస్తాను, ఈలోగా సరిచేసెయ్యండి."

ఆయన అటు వెళ్లారు. చక్రపాణి సన్నటి పట్టకారులాంటి చిమటా తీశాడు. ఆ చిమటా కొనలు గార్డు భుజాల దాకా వచ్చాయి. అప్పుడు హైమావతి కుట్టుపని ఒళ్లో పెట్టి లేచింది. ఏం గొడవో చూద్దామని వంగింది. గార్డు ముఖం చూసింది. ఎత్తిన చెయ్యి చూసింది. చేతిలో ఉన్న ఆవగింజంత దాన్ని చూడటానికి కళ్లజోడు పైకి తోసి, మళ్లీ కిందకి లాక్కుంది.

"తిప్పేయండి" అంది మెల్లిగా.

"హైమా..."

"ఆయన చెప్పినాడు గదా, మీదే ముందుండాదని. తిప్పేయండి. నేను చూసేసినాను, చాల్లే."

ఆ మాటకి అర్థం ఏమిటో చక్రపాణికి తెలుసు, నాకూ తెలుసు. తిప్పితే ప్రైజు ఆయనది, గది ఆయనది. ఆమె మిషను మళ్లీ వరండాలో, వాన జల్లులో. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే. ఇంటి నుంచి గది కొలతలు కూడా తీసుకొచ్చింది.

సుందరేశంగారు తిరిగొచ్చారు. "అయిందా?"

చక్రపాణి చిమటా జేబులో పెట్టుకున్నాడు. "లేదండీ. జిగురు గట్టిపడిపోయింది. కదలడం లేదు."

అబద్ధం. ఆ గార్డు కాళ్లు నా వరండాలోనే కదా ఉన్నాయి, నాకు తెలియదా? అన్నిసార్లు అటూ ఇటూ తిప్పి అతికించడంతో పాదాల కింద జిగురు పొరలై, వదులైన పన్నులా ఊగుతున్నాయి. ఈగ వాలినా అటు తిరిగేవాడు. ఈగ వాలలేదు.

"పాపం, మంచి పని. కానీ రూలు రూలే కదండీ" అని, సుందరేశంగారు నిజంగానే బాధపడుతూ మార్కులు తగ్గించారు. మొదటి ప్రైజు అరకు సొరంగానికి వెళ్లింది. అందులోంచి నిజంగా పొగ వచ్చేదట. మా ఆశలు కూడా అదే దారిన పోయాయి.

నెల్లూరు చేరాక చక్రపాణి మాట తప్పలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చున్నాడు. కొండ గోనెసంచిలోకి వెళ్లింది. చెట్లన్నీ ఒక బకెట్‌లో పట్టాయి. పంచెలు కట్టిన విదేశీయులంతా మిఠాయి డబ్బాలో పడుకున్నారు. ఇంజన్ల షెడ్డు విప్పుతూంటే మాత్రం ఆయన అరగంట కాఫీకని వెళ్లొచ్చాడు. కుట్టు కోసం ఇదంతా కుట్రేమోనని మా వ్యాగన్లలో ఒకటి గొణిగింది. నేను నోర్ముయ్యమన్నాను. ఆమె చోటు ఆమెకి వచ్చింది. తుక్కు కొట్టు బాట పట్టడం నాకు కొత్తేమీ కాదు.

క్వార్టర్ల పలక దగ్గరికి వచ్చేసరికి హైమావతి వచ్చింది.

"దాన్ని విప్పొద్దండి."

"మరి ఇంత గదిలో..."

"టేబులు మీద వద్దు. గోడకి పెట్టండి. ఎత్తున. షెల్ఫు మీద కూర్చొని నేను కుట్టలేను గాని, మా నాయన పోగలడు."

ఆ తరవాత జరిగింది ఒక్క రోజులో జరిగింది కాదు. క్వార్టర్ల పలక, దాని ఎదుట స్టేషను, మధ్యన పట్టాలు గోడ మీది షెల్ఫు ఎక్కాయి. మిషను లోపలికొచ్చింది. కిటికీకి తెరలొచ్చాయి. కొలతలిచ్చే ఆడవాళ్లు తలుపు వేసుకుని నిమ్మళంగా నవ్వుకుంటున్నారు. గిరాకీ పెరిగింది. ఆమెకి లేచే తీరిక లేక, రిటైరైన చక్రపాణి చేతికి వంట వచ్చింది. అంటే పని వచ్చింది, వంట రావడానికి చాలా రోజులు పట్టింది. ఆయన అన్నం ఒకనాడు ముందే వండి చల్లార్చేవాడు, ఇంకోనాడు ఆమె వచ్చి కూర్చున్నాక బియ్యం కడగడం మొదలుపెట్టేవాడు. "ఎసరు పెట్టండీ" అని ఆమె అరిస్తే మిషను చప్పుడులో ఆయనకి వినపడేది కాదు. "ఎప్పుడు పెట్టమంటావ్" అని ఆయన అరిస్తే కుక్కరు కూతలో ఆమెకి వినపడేది కాదు.

ఒకరోజు చక్రపాణి డ్రిల్లింగు మిషను తెచ్చి, ఆ గదికీ వంటింటికీ మధ్య గోడకి కన్నం పెట్టాడు. షెల్ఫుని కన్నంలోంచి పొయ్యి పక్కదాకా పొడిగించాడు. పట్టాలు వేశాడు. మీట మాత్రం ఆమె మిషను పక్కన బిగించాడు.

ఇప్పుడు నా డ్యూటీ ఇది. ఆఖరి జాకెట్టు చేతిలోకి రాగానే హైమావతి మీట నొక్కుతుంది. ఇంజను, రెండు వ్యాగన్లు, వాటి వెనక నేను స్టేషను దాటి, క్వార్టర్లు దాటి, గోడలోకి దూరి, వంటింట్లో తేలతాం. స్టేషను గోడని ఆనుకుని ఉంది, క్వార్టర్లు గది వైపున్నాయి. అందుకని నా గార్డు ముఖం ఆ గదిలో ఆమె వైపు, ఈ గదిలో ఆయన వైపు ఉంటుంది. రూలు ప్రకారం నిలబెట్టి ఉంటే పాపం గోడకి జెండా చూపించుకుంటూ పోయేవాడు. కాళ్లు ఊగుతున్నాయని చెప్పాను కదా, ఇల్లు చేరిన రోజే చక్రపాణి గట్టి జిగురు వేశాడు. ఆనాటి అబద్ధం ఆ విధంగా నిజమైపోయింది.

నా వెదరింగు కూడా మారింది. పోపు చిట్లి నూనె పడుతుంది. కప్పు మీద నిఖార్సయిన జిడ్డు. చక్రాలకి రంగురంగుల దారప్పోగులు. చక్రపాణి తుడవడు, పూయడు. రంగు గిన్నెలు రెండూ అటకెక్కాయి. ఆయన తల తెల్లబడింది, నా ఒళ్లు నల్లబడింది. ఇద్దరం మొత్తానికి స్కేలు ప్రకారం ఉన్నాం.

గార్డు ఎత్తిన చేతిలో క్యారియరు తప్ప ఇంకోటి లేదు. ఊపడానికి తువ్వాలు చెయ్యలేదు చక్రపాణి. చెయ్యమని ఆమె అడగనూ లేదు.

నేను కన్నంలోంచి బయటికి రాగానే ఆయన గరిట పక్కన పెట్టి చూస్తాడు. ఇంజనుని చూడడు, వ్యాగన్లని చూడడు. కడాపెట్టె వచ్చేదాకా కాచుకుని, అందులో ఎత్తిన చేతిని చూస్తాడు. చూసి, గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి వెలిగిస్తూ, గోడకన్నంలో నోరు పెట్టి అరుస్తాడు.

"మామ దిగినాడు! ఎసరు పెడుతుండా!"

అవతల మిషను చప్పుడు ఆగుతుంది.